కొట్టించిన పేరు, కొట్టేసిన పేరు

మన ఆడవాళ్ళకి పేరంటే ఎంత మమకారమో తెలుసుకోవాలంటే వంటింటి అలమర తలుపు తీస్తే చాలు. పెళ్ళిలో పెట్టిన స్టీలు సామాను మీద, గృహప్రవేశానికి చదివించిన బిందె మీద, సీమంతంలో ఇచ్చిన పళ్ళెం అంచు మీద చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టించి వుంటాయి. ఇచ్చినవాళ్ళ పేరు, పుచ్చుకున్నవాళ్ళ పేరు, తారీఖు, చోటుంటే ఊరు కూడా. స్టీలు కొట్టువాడు ఊరికే కొట్టిస్తానంటాడు కనుక మనం ఒక్క అక్షరం వదులుకోం. ఆ కొట్టే కుర్రాడికి తెలుగు అంతంత మాత్రం. మా ఇంట్లో సుబ్బలక్ష్మి పేరున్న గిన్నె ఒకటి సబ్బులక్ష్మిగా ముప్పయ్యేళ్ళుగా పప్పు వండుతూనే వుంది.

మన భాషలో చమత్కారం చూడండి. పేరు 'కొట్టించడం' అంటే చెరగకుండా చెక్కించడం. పేరు 'కొట్టెయ్యడం' అంటే లేకుండా చెయ్యడం. రేషను కార్డులో పేరు కొట్టేశారంటే మనిషి ఎక్కడికీ పోలేదు, ఇంట్లోనే వున్నాడు, మూడు పూటలా తింటున్నాడు, అయినా ఆ రోజుకి ఇంటిల్లిపాదికీ అన్నం సహించదు. ఓటర్ల జాబితాలో పేరు గల్లంతైతే, ఎన్నడూ ఓటెయ్యని పెద్దమనిషి కూడా ఆఫీసుకి పరిగెడతాడు. శుభలేఖలో మామయ్య పేరు అచ్చుపడకపోతే జరిగే రామాయణం మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇదంతా మన చాదస్తం అనుకునేదాన్ని. కాదనిపించింది, అమెరికాలో ఒక చిన్న పండ్ల వూరి కథ తెలిశాక.

ఆ వూరి పేరు హుడ్ రివర్. పడమటి తీరాన ఆరెగాన్ రాష్ట్రంలో వుంది. పోర్ట్‌లండ్ పక్కన బీవర్టన్‌లో మా పిన్ని కూతురు వుంటుంది. కంప్యూటరు చిప్పుల ఫ్యాక్టరీల పుణ్యమా అని ఆ చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలకి లోటు లేదు. మనవడిని ఎత్తుకోవడానికి వెళ్ళిన పిన్నీ, చుట్టపుచూపుగా వెళ్ళిన నేనూ, ఒక శనివారం కారెక్కి తూర్పుగా బయల్దేరాం. గంట ప్రయాణం. ఎడం పక్కన కొలంబియా నది, కుడి పక్కన కొండల మీంచి దూకే జలపాతాలు. మన గోదావరిని పాపికొండల దగ్గర చూసిన కంటికి ఆ నది కొత్తగా అనిపించదు. గాలి మాత్రం కొత్త. నది చీల్చుకు వచ్చిన సందులోంచి విసిరికొడుతుంది. ఆ గాలి కోసమే 1980ల నుంచీ తెరచాప పలకలు పట్టుకుని ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి ఆ నీళ్ళ మీద జారుతుంటారు. పిన్ని కొంగు సర్దుకోలేక సగం దారిలోనే కారెక్కేసింది.

వూళ్ళో జనం ఎనిమిది వేల పైచిలుకు. మనవైపు మేజరు పంచాయితీకైనా అంతకన్నా ఎక్కువే వుంటారు. ఊరి వెనక దక్షిణంగా లోయ మెల్లిగా పైకి లేస్తుంది. ఆ చివర మౌంట్ హుడ్ అనే మంచు కొండ, పదకొండు వేల అడుగులకు పైన, ముగ్గు గిన్నె బోర్లించినట్టు వుంటుంది. లోయ నిండా తోటలు. ఒకప్పుడు ఆపిల్ తోటలే ఎక్కువట. 1919లో చలి విపరీతంగా పడి చెట్లు బోలెడు చచ్చిపోతే రైతులు బేరి చెట్లకి మారారు. ఇప్పుడు అమెరికాలో బేరిపళ్ళు బాగా పండే చోట్లలో అదొకటి. తోట వాకిట్లో బల్ల వేసి అమ్ముతారు. పిన్ని ఒకటి కొరికి, "మన జామకాయ ముందు ఏపాటి?" అని తీర్పు చెప్పేసింది గానీ, నాలుగు తిన్నది.

ఈ బేరిపండు తమాషా పండు. చెట్టు మీద ముగ్గనివ్వరు. పచ్చిగా, గట్టిగా వుండగానే కోసి చల్లటి గదుల్లో పెడతారు. ఎందుకంటే ఇది లోపలి నుంచి బయటకి పండుతుంది. చెట్టు మీదే వదిలేస్తే పైకి నిగనిగలాడుతూ వుండగానే లోపల గింజల చుట్టూ గోధుమరంగు తిరిగి మెత్తబడిపోతుంది. పైన చూసి చెప్పలేం. తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కి చూడాలి.

ఇంతందమైన లోయని ఎవరు తోటలు చేశారన్నది అసలు కథ. మొదట్లో అదంతా అడవి. చెట్లు నరికేసినా మొద్దులు మిగిలిపోతాయి కదా. ఆ మొద్దులు పెళ్ళగించే పని, రైలు కట్టల పని, కట్టెల పని చెయ్యడానికి జపాను నుంచి కుర్రాళ్ళు వచ్చారు. కూలీ బదులు కొందరు మొద్దులున్న నేలే పుచ్చుకున్నారు. ఆ నేల బాగుచేసి, చెట్ల వరసల మధ్య స్ట్రాబెర్రీలు వేసి, చెట్లు కాపుకొచ్చేదాకా వాటి మీద బతికారు. మసువో యసూయీ అనే ఆయన 1908లో ఆ వూరు వచ్చి అన్నతో కలిసి కొట్టు పెట్టాడు. బియ్యం దగ్గర్నుంచి చెప్పుల దాకా అమ్మే కొట్టు. ఇంగ్లీషు వచ్చినవాడు కనుక తనవాళ్ళకి కాగితాలు రాసిపెట్టడం, తగువులు తీర్చడం, నేల కొనిపించడం అన్నీ ఆయనే. మనవైపు కరణంగారి పెత్తనం లాంటిది. చర్చికి వెళ్ళేవాడు, పిల్లల్ని కాలేజీకి పంపాడు.

బాగుపడితే ఊరుకునే లోకమా? మొద్దులు పీకినంత కాలం మంచివాళ్ళు. పళ్ళు కాసేసరికి, వీళ్ళు మన లోయ ఆక్రమించేస్తున్నారన్నారు. 1919లోనే ఆ వూళ్ళో ఆసియా వాళ్ళకి వ్యతిరేకంగా సంఘం పెట్టారు. 1923లో ఆరెగాన్ రాష్ట్రం, పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు నేల కొనకూడదని చట్టం చేసింది. పౌరసత్వం వాళ్ళు అడగలేదా అంటే, ఇవ్వరు. తెల్లవాళ్ళు కాదు కనుక. అప్పుడు వాళ్ళేం చేశారు? అక్కడ పుట్టిన పిల్లలు పుట్టుకతో పౌరులు. నేల పిల్లల పేర్ల మీద పెట్టారు. ఉయ్యాల్లో పిల్లవాడి పేరు దస్తావేజులో. చూశారా, మళ్ళీ పేరే.

ఇక్కడ మనవాడొకడి సంగతి చెప్పకుండా వెళ్ళలేను. అదే కొలంబియా నది సముద్రంలో కలిసేచోట ఆస్టోరియా అని ఇంకో వూరుంది. అక్కడి కలప మిల్లుల్లో పంజాబు నుంచి వచ్చినవాళ్ళు పనిచేసేవారు. అందులో భగత్ సింగ్ థిండ్ అనే ఆయన 1918లో అమెరికా సైన్యంలో చేరాడు. తలపాగా తియ్యకుండానే సిపాయి అయ్యాడు. సైనికుడు కదా అని పౌరసత్వం ఇచ్చారు. నాలుగు రోజుల్లో లాక్కున్నారు. 1920లో ఆరెగాన్ కోర్టు మళ్ళీ ఇచ్చింది. 1923లో సుప్రీంకోర్టు, నువ్వు తెల్లవాడివి కావు పొమ్మని మళ్ళీ తీసేసింది. 1936లో గానీ ఆయనకి స్థిరంగా దక్కలేదు. ఇవాళ బీవర్టన్‌లో బతుకమ్మ ఆడుకుని, సంక్రాంతికి గొబ్బెమ్మలు పెట్టుకునే మన పిల్లలు ఈ పేరు వినివుండరు. వాళ్ళ తప్పు కాదనుకోండి, మనమూ చెప్పలేదు.

సరే, హుడ్ రివర్‌కి వద్దాం. 1941 డిసెంబరు 7న జపాను విమానాలు పెర్ల్ హార్బర్ మీద బాంబులు వేశాయి. రెండు వేల పైచిలుకు అమెరికన్లు చచ్చిపోయారు. ఐదు రోజులకి పోలీసులొచ్చి కొట్టు పెట్టుకున్న యసూయీగారిని పట్టుకుపోయారు. విచారణలో సాక్ష్యం ఏమిటో తెలుసా? ఆయన పిల్లలు బళ్ళో లెక్కకి గీసిన పనామా కాలువ బొమ్మ. తాళాల గేట్లు ఎలా పనిచేస్తాయో బాణం గుర్తులు వేసి గీసిన హోంవర్కు. కాలువ పేల్చెయ్యాలని నువ్వు అనుకోలేదని రుజువు చెయ్యి అన్నారు. అనుకోలేదని ఎవరైనా ఎలా రుజువు చేస్తారండీ? మీ పక్కింటి వెండి గ్లాసు దొంగిలించాలని మీరు ఇవాళ పొద్దున అనుకోలేదని రుజువు చెయ్యగలరా? ఆయన్ని యుద్ధం అయిపోయేదాకా వదల్లేదు.

1942 ఫిబ్రవరిలో రూజ్‌వెల్టు ఒక ఉత్తర్వు వేశాడు. పడమటి తీరంలో వున్న జపాను సంతతి వాళ్ళందర్నీ, దాదాపు 1,20,000 మందిని, లోపలి ప్రాంతాల శిబిరాల్లోకి తరిమారు. అందులో మూడింట రెండు వంతులు అక్కడే పుట్టిన పౌరులు. హుడ్ రివర్ వాళ్ళని మే 13న రైలెక్కించారు. చేత్తో పట్టుకోగలిగినంతే సామాను. మనం వారం రోజులు పుట్టింటికి వెళ్తేనే మూడు సూట్‌కేసులు, ఒక ఊరగాయ జాడీ. ముప్పయ్యేళ్ళ సంసారంలోంచి చేతికి పట్టినంత తీసుకోమంటే ఏం తీసుకుంటాం? నేను చాలాసేపు లెక్క వేసుకున్నాను. తేలలేదు.

అలా వెళ్ళినవాళ్ళ కొడుకులు కొందరు అప్పటికే సైన్యంలో వున్నారు. తరవాత ఇంకొందరు చేరారు. తల్లిదండ్రులు ముళ్ళకంచె లోపల, కొడుకు అదే ప్రభుత్వం యూనిఫారంలో యుద్ధభూమిలో.

హుడ్ రివర్ కోర్టు గోడ మీద ఆ జిల్లా నుంచి సైన్యంలోకి వెళ్ళినవాళ్ళ పేర్లు రాసి పెట్టారు. వెయ్యికి పైగా పేర్లు. దారిన పోయే తల్లులు ఆగి, తన పిల్లవాడి పేరెక్కడుందో వేలితో తడుముకునే గోడ. 1944 నవంబరు 29న అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘం తాలూకు ఆ వూరి శాఖ, ఆ గోడ మీంచి పదహారు పేర్లు తీసేసింది. పదహారూ జపాను పేర్లే. ఆ పదహారు మందిలో చాలామంది ఆ రోజుకి సముద్రాల అవతల అమెరికా తరఫున పోరాడుతున్నారు.

తీసినవాళ్ళు రాక్షసులా అంటే, కారు. వాళ్ళూ మొదటి ప్రపంచ యుద్ధంలో మట్టిలో పొర్లి వచ్చినవాళ్ళే. యసూయీగారి కొట్లో అరువు పెట్టినవాళ్ళు, వాళ్ళ పిల్లలతో తమ పిల్లల్ని ఒకే బడికి పంపినవాళ్ళు. కోపం వుంటుంది, ఒప్పుకుంటాను. పసిఫిక్‌లో కొడుకు పోయిన తల్లికి ఆ ముఖాలు చూస్తే కడుపు రగలడం నాకర్థమవుతుంది. దుఃఖం న్యాయం మాట్లాడదు. కానీ ఆ పని దుఃఖం చెయ్యలేదు. దుఃఖం అంత పద్ధతిగా సమావేశం పెట్టి, తీర్మానం చేసి, జాబితా చూసుకుని, వెయ్యి పేర్లలో పదహారు ఏరి చెరపదు. ఏరడానికి ఓపిక కావాలి. ఆ ఓపిక ఎక్కడిదా అని ఆలోచిస్తే, లోయలో ఖాళీగా పడివున్న తోటలు గుర్తుకొస్తాయి. వెళ్ళినవాళ్ళు తిరిగి రాకపోతే ఆ చెట్లు ఎవరివి? అందరూ అందుకే చేశారనను. యుద్ధ భయం, పాత అసూయ, పళ్ళ ధర ఒక్క మనసులోనే కలిసిపోయి వుండవచ్చు. ఏది ఎంతో ఆ మనసుకే తెలియదు. పైకి మాత్రం దేశభక్తి నిగనిగలాడుతూ వుంటుంది.

పదహారు మందిలో ఒకతను ఫ్రాంక్ హచియా. ఇరవై నాలుగేళ్ళవాడు. జపాను భాష వచ్చు కనుక సైన్యంలో దుబాసీ పని. తల్లి జపానులో చిక్కుకుపోయింది, తండ్రి అమెరికా శిబిరంలో వున్నాడు. ఫిలిప్పీన్స్‌లో లేటె ద్వీపం మీద, ముందుకెళ్ళి శత్రువు సంగతి కనుక్కునే పనిలో తుపాకి గుండు తగిలింది. 1945 జనవరి 3న చచ్చిపోయాడు. తరవాత సైన్యం వెండి నక్షత్రం పతకం ఇచ్చింది. గుండు తగిలేనాటికి ఊరి గోడ మీద అతని పేరు లేక నెల దాటింది.

దేశమంతా ఛీ అన్నది. పెద్ద పెద్ద పత్రికలు తిట్టాయి. యుద్ధమంత్రి స్టిమ్సన్ తప్పు పట్టాడు. యుద్ధభూముల నుంచి తెల్ల సైనికులే, మేం ఎవరితో భుజం కలిపి పోరాడుతున్నామో మీకు తెలుసా అన్న ధోరణిలో ఉత్తరాలు రాశారు. లీజియన్ పెద్దలు పైనుంచి ఒత్తిడి చేశారు. 1945లో పేర్లు మళ్ళీ గోడకెక్కాయి. కానీ ఊరి మనసు ఎక్కలేదు. ఆ ఏడాది మొదట్లో ఊరి పత్రికలో పేజీల కొద్దీ ప్రకటనలు, జపాను వాళ్ళు మా లోయకి తిరిగి రావద్దని. కింద వందల సంతకాలు. పదహారు పేర్లు చెరిపిన ఊరు తమ పేర్లు మాత్రం వరసలు కట్టి అచ్చు వేయించుకుంది. ఆ పత్రికలు అక్కడి గ్రంథాలయాల్లో ఇవాళ్టికీ భద్రంగా వున్నాయి. కొట్టించిన పేరు చెరగదని ముందే చెప్పాను కదూ.

తిరిగి వచ్చినవాళ్ళకి కొట్లల్లో సరుకు అమ్మలేదు. క్షవరం చెయ్యలేదు. పళ్ళు కొననన్నారు. వచ్చినవాళ్ళు కూడా అందరూ రాలేదు. చాలామంది ఇంకెక్కడికో పోయారు.

నన్ను ఆపేసిన ఘట్టం ఇక్కడుంది. ఆ రోజుల్లో ఇరుగుపొరుగు కొందరు, ఈ కుటుంబాలకి కావలసిన చీటీ పట్టుకుని, తమకే అన్నట్టు కొట్లో సరుకు కొని, తెచ్చి ఇచ్చేవారు. ఉప్పూ, పిండీ, పంచదారా. కొట్టువాడికి తెలియకపోతే గొడవే లేదు. తెలిసినా, కొన్నది తెల్లావిడ కనుక తెలియనట్టు వుండేవాడేమో. ఇది చదివి నాకు కళ్ళు చెమర్చాయి. మర్నాటికి చెమ్మ ఆరి, ప్రశ్న మిగిలింది. ఆ వెళ్ళినావిడ, "వాళ్ళకెందుకు అమ్మవయ్యా?" అని కొట్టువాణ్ణి అడిగిందా? అడగలేదా? అడగకపోతే ఆ మంచితనానికి ఎన్ని మార్కులు వెయ్యాలి?

తిరుగు ప్రయాణంలో ఈ మాటే అన్నాను. చెల్లెలు, "అడిగితే ఆవిడకీ అమ్మడం మానేసేవాడేమో అక్కా. అప్పుడు ఇద్దరికీ ఉప్పుండదు," అంది. లెక్కల్లో మొదట్నుంచీ దిట్ట అది. పిన్ని ఏమీ అనలేదు. చాలాసేపు జలపాతాలు లెక్కపెడుతున్నట్టు కిటికీలోంచి చూసి, తరవాత మొదలుపెట్టింది.

బాబాయిది రైల్వే ఉద్యోగం. క్వార్టర్స్‌లో వరసగా ఇళ్ళు. మూడిళ్ళ అవతల వాళ్ళాయనని డబ్బు తేడా వచ్చిందని సస్పెండ్ చేశారు. తేడా ఎవరి వల్లో తేలలేదు, అనుమానం మాత్రం ఈయన మీద. ఆ శ్రావణమాసం ఆవిణ్ణి పేరంటానికి పిలవకూడదని లైన్లో ఆడవాళ్ళు అనుకున్నారు. ఎవరూ పైకి తీర్మానం చెయ్యలేదు. బొట్టుపెట్టి పిలిచే పిల్ల ఆ గుమ్మం దాటి పక్క గుమ్మానికి వెళ్ళిపోయింది, అంతే.

"నేను పంపించానే. పెరటి గుమ్మంలోంచి పంపించాను. శనగలూ, తాంబూలమూ, అరటిపళ్ళూ, పూర్ణాలూ. ఏదీ తక్కువ చెయ్యలేదు," అంది పిన్ని.

"మరి వీధి గుమ్మంలోంచి పిలవలేదేం పిన్నీ?"

"పిలిస్తే మిగతావాళ్ళు రామంటే? మీ బాబాయి పైఆఫీసరు పెళ్ళాం కూడా మా లైన్లోనే కదే."

"ఆవిడేమనేది?"

"ఏమంటుంది? గిన్నె కడిగి, ఉత్త గిన్నె ఇవ్వకూడదని ఇంత పంచదార పోసి పంపేది. ఏడాదికి ఆయన తప్పేం లేదని తేలింది. ఆర్డర్లు వచ్చాయి. ఆ శ్రావణానికి అందరం పోటీలు పడి పిలిచాం. వచ్చింది. పసుపు రాయించుకుంది, బొట్టు పెట్టించుకుంది, వాయనం కొంగులో పోయించుకుంది. కూచోలేదు. ఒక్క ఇంట్లోనూ కూచోలేదే అమ్మా. మా ఇంట్లో కూడా."

ఆ 'మా ఇంట్లో కూడా' అన్నప్పుడు పిన్ని గొంతులో ఏముందో సరిగ్గా చెప్పలేను. యాభై ఏళ్ళ కిందటి ఆశ్చర్యం ఇంకా మిగిలి వున్నట్టుంది.

పిన్ని మంచిది. ఆ లైన్లో ఆవిడ ఒక్కతే పంపింది. పెరటి గుమ్మం మంచితనాన్ని నేను తేలిగ్గా తీసిపారెయ్యను. ఆకలికి వీధి గుమ్మం, పెరటి గుమ్మం తేడా వుండదు. చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కనిది, ఆడవాళ్ళ చేతుల మీదుగా జరిగిపోయేది, లోకంలో సగం మంది ప్రాణాలు నిలబెట్టేది అదే. పైగా మనకి అప్పుడు వేరే గుమ్మం మీద హక్కెక్కడుంది? ఆఫీసరు కోపం వస్తే బదిలీ అయ్యేది బాబాయి, సామాను సర్దుకునేది పిన్ని. హుడ్ రివర్‌లో బర్గోయిన్ అనే మెథడిస్టు పాదిరీ వీధి గుమ్మంలో నిలబడి, ఇది అన్యాయం అని గట్టిగా అన్నాడు. దేశం మెచ్చుకుంది. ఊరు ముఖం తిప్పుకుంది. కొన్నాళ్ళకి ఇంకో చిన్న వూరి చర్చికి మారిపోయాడు. సామాను సర్దింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

ఇంత తెలిసీ నాకు తృప్తి కలగటం లేదు. ఎందుకంటే పెరటి గుమ్మంలోంచి ఇచ్చేటప్పుడు ఇచ్చినావిడ రెండు పనులు చేస్తుంది. ఒకటి ఆకలి తీరుస్తుంది. రెండోది, వీధి గుమ్మం మూసి వుండటం సబబే అని ఒప్పుకుంటుంది. పుచ్చుకునే మనిషికి ఈ రెండోది కూడా గిన్నెలో కనిపిస్తుంది. శనగలతో పాటు అదీ తినాలి. దాన్నేనేమో ఆవిడ పంచదార పోసి వెనక్కి పంపింది. పైగా పెరట్లోంచి ఇచ్చినావిడకి రాత్రి హాయిగా నిద్ర పడుతుంది, నా వంతు నేను చేశానని. అందరి మనస్సాక్షీ అలా పెరట్లోంచి శాంతించిపోతే వీధి గుమ్మం ఎప్పుడు తెరుచుకుంటుంది? చెల్లెలి లెక్క ఒక్క కొనుగోలుదారుకి సరిపోతుంది. ఆ సరుకు కొనిపెట్టిన పదిమందీ ఒకే రోజు, ఒకే కొట్లో ఆ ఒక్క ప్రశ్న అడిగివుంటే? తెల్లారితే వాళ్ళ ఖాతాలు పోతాయని కొట్టువాడికి లెక్కలు రావా? కానీ పదిమందికీ తమతో ఇంకా తొమ్మిదిమంది వున్నారని తెలియదు. పెరళ్ళకి మధ్య గోడలుంటాయి కదా.

పోనీ, పేర్లు మళ్ళీ రాశారు కదా, సరిపోలేదా అని అడగవచ్చు. ఆ లోయలో పుట్టిన లిండా తమురా అనే ప్రొఫెసరు ఈ సైనికుల మీద 2012లో పుస్తకం రాసింది. దాని పేరులోనే, వాళ్ళు మౌనం వీడారని వుంది. అంటే అరవై ఏళ్ళకి పైగా వాళ్ళు ఇళ్ళల్లో పిల్లలకి కూడా నోరు విప్పి చెప్పుకోలేదన్నమాట. అన్యాయం జరిగినవాడు సిగ్గుపడటం, చేసినవాడు మర్చిపోవడం ఎక్కడైనా ఒకటే కాబోలు. యసూయీగారికి 1950లలో పౌరసత్వం వచ్చింది. అప్పటికి చట్టం మారింది. కాగితం చేతికొచ్చినా, నన్నింకా అనుమానిస్తున్నారన్న బాధ ఆయన్ని వదల్లేదు. 1957లో తన ప్రాణం తనే తీసుకున్నాడు. 1988లో అమెరికా ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికున్న ప్రతి ఒక్కరికీ 20,000 డాలర్లు ఇచ్చింది. అలా చెప్పిన ప్రభుత్వాలు లోకంలో ఎక్కువ లేవు, ఆ గౌరవం ఇవ్వాల్సిందే. బతికున్న ప్రతి ఒక్కరికీ అన్నారు చూశారా, ఆ ముక్క దగ్గరే నేను ఆగిపోతాను.

ఇవాళ ఆ తోటల్లో నిచ్చెనలు వేసుకుని బేరికాయలు కోసేది ఎక్కువగా మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాలు. బల్ల దగ్గర పళ్ళు తూచి ఇచ్చిన పిల్ల కూడా వాళ్ళ పిల్లే. పిన్నికి ఇంగ్లీషు రాదు, ఆ పిల్లకి తెలుగు రాదు, ఇద్దరూ నవ్వులతో బేరం చేసుకుని ఒక పండు కొసరు వేయించుకున్నారు.

యసూయీగారి కొడుకుల్లో ఒకాయన మినోరు. 1916లో ఆ వూళ్ళోనే పుట్టి లాయరైనవాడు. 1942 మార్చిలో, జపాను సంతతివాళ్ళు రాత్రి ఎనిమిది తరవాత వీధిలోకి రాకూడదని నిషేధం పెట్టారు. పౌరుడికి ఈ నిబంధన చెల్లదని కోర్టులో తేల్చుకోవాలంటే ముందు అరెస్టు కావాలి. మార్చి 28 రాత్రి ఆయన పోర్ట్‌లండ్ వీధుల్లో కావాలని తిరిగాడు. ఎవరూ పట్టుకోలేదు. ఒక పోలీసుని ఆపి, నిబంధన కాగితం చూపించి, తన పుట్టుక కాగితం చూపించి, నన్ను అరెస్టు చెయ్యండన్నాడు. ఆ పోలీసు మంచివాడు. ఇంటికి పో నాయనా, లేనిపోని ఇబ్బందుల్లో పడతావన్నాడు. నిజంగా జాలిపడే అనివుంటాడు. ఆ మాట వింటే ఆ రాత్రి ఇంట్లో పడుకునేవాడు. తొమ్మిది నెలల ఒంటరి జైలు తప్పేది. 1943లో సుప్రీంకోర్టులో ఓడిపోవడమూ తప్పేది. 1984లో ఆ శిక్ష రద్దయ్యేదాకా నేరస్థుడి ముద్రతో బతకడమూ తప్పేది. 2015లో దేశాధ్యక్షుడు పతకం ప్రకటించేనాటికి ఆయన పోయి ఇరవై తొమ్మిదేళ్ళు.

ఆయన ఇంటికి వెళ్ళలేదు. నేరుగా పోలీసు స్టేషనుకి నడిచి వెళ్ళి, అక్కడి అధికారితో వాదన పెట్టుకుని, తన పేరు రాయించుకుని లోపలికి వెళ్ళాడు.